వేరు చేసిన కోర్లు నిజంగా వేరయ్యాయా: మిర్చి గ్రేడింగ్ యంత్రం ప్రాజెక్టు డైరీ

సోమవారం

హనుమకొండలో మేం తయారు చేస్తున్నది మిర్చి గ్రేడింగ్ యంత్రం. బెల్టు మీద కాయలు వరసగా పోతుంటాయి. పైనున్న లైన్ స్కాన్ కెమెరా వాటిని చూస్తుంది. తాలు కాయ (రంగు పోయి తెల్లబడ్డది) అని తేలితే బెల్టు చివరనున్న గాలి నాజిల్ సరిగ్గా ఆ కాయనే ఊది పక్క తొట్టిలోకి నెట్టాలి. బెల్టు వేగం సెకనుకు 2 మీటర్లు. ఒక్క మిల్లీసెకను తేడా వస్తే కాయ 2 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. 10 మిల్లీసెకన్లయితే 2 సెంటీమీటర్లు. అప్పుడు ఊదిన గాలి తాలుకు కాకుండా దాని వెనకొచ్చే మంచి కాయకు తగులుతుంది.

మేం ముందుగా చపాటా మిర్చి మీద పని మొదలుపెట్టాం. టమాటా మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో వరంగల్ చపాటాకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. దాని విలువంతా ఆ ఎరుపులోనే ఉంది కాబట్టి కుప్పలో నాలుగు తెల్ల తాలు కాయలు కనబడ్డా రేటు దగ్గర బేరం మొదలవుతుంది. రైతు ఎండలో ఆరబెట్టి, కూలీలను పెట్టి ఏరించి, బస్తాలకెత్తి ఎనుమాముల మార్కెట్ దాకా తెచ్చిన సరుకు అది. మా యంత్రం మంచి కాయను తొట్టిలోకి ఊదితే ఆ నష్టం ఆయనదే. ఈ పని మీద నాకింత పట్టింపు ఉండటానికి కారణం అదే.

మార్కెట్ దగ్గర ఒక మిల్లులో ట్రయల్ పెట్టాం. అక్కడ ఏళ్ల తరబడి తాలు ఏరుతున్న ఒక పెద్దమ్మ యంత్రం పక్కనే కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పిలిచి, "బిడ్డా, మెల్లగ పోస్తే మంచిగనే ఏరుతుంది. బస్తా ఒక్కసారి కుమ్మరిస్తే మంచి కాయను గూడ ఊది పారేస్తుంది సూడు" అంది.

ఇంతకన్నా మంచి బగ్ రిపోర్టు ఎవరూ రాయలేరు. లోడు తక్కువున్నప్పుడు బాగుంటుంది, లోడు పెరగ్గానే టైమింగ్ తప్పుతుంది. అంటే నాజిల్‌నూ కెమెరానూ పక్కనపెట్టి ముందు ప్రాసెసర్ వైపు చూడాలి.

మంగళవారం

యంత్రంలో ఉన్నది చిన్న ఇండస్ట్రియల్ పీసీ. 4 కోర్లు, కోరుకు రెండు హార్డ్‌వేర్ థ్రెడ్లు (ఒకే కోరును పంచుకునే జంట). కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ నడిమి భాగం) లెక్కలో 8 సీపీయూలు, 0 నుంచి 7 దాకా. లినక్స్ 6.12, రియల్ టైమ్ ప్రీఎంప్షన్ (అత్యవసర పనికి మిగతావి వెంటనే దారివ్వడం) ఆన్ చేసి మేమే బిల్డ్ చేసుకున్నది. 6.12నే పట్టుకోవడానికి కారణముంది. దాదాపు 20 ఏళ్లు బయట ప్యాచ్‌గానే నడిచిన రియల్ టైమ్ పని 2024 సెప్టెంబరులో అసలు కెర్నల్లో కలిసింది. ఆ నవంబరులో వచ్చిన 6.12 దాంతో విడుదలైన మొదటి వెర్షన్. వియన్నాలో జరిగిన సమావేశంలో, ఆ పనిని నడిపించిన థామస్ గ్లైక్స్‌నర్ ఆ విలీన అభ్యర్థనను అచ్చువేయించి, బంగారు రంగు కాగితంలో చుట్టి లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ చేతికి ఇచ్చారు. ఇప్పుడు మాలాంటి చిన్న వర్క్‌షాపు కూడా ప్యాచ్ వెతుక్కోకుండా రియల్ టైమ్ కెర్నల్ వాడుకుంటోందంటే ఆ ఓపిక పుణ్యమే.

టైమింగ్ తప్పకూడని పనులకు ఇతర పనులు అడ్డురాకుండా కొన్ని సీపీయూలను వేరు చేశాం. పనుల పంపకం ఇలా ఉంది. నాజిల్ థ్రెడ్ (ప్రోగ్రాములో విడిగా నడిచే పని) సీపీయూ 3 మీద, దాని జంట 7 ఖాళీ. కాయను గుర్తుపట్టే రెండు థ్రెడ్లకు 2, 6. నెట్‌వర్కు, డిస్కు, స్క్రీను, మిగతా సంసారమంతా 0, 1, 4, 5 మీద. దీనికోసం బూట్ లైనులో (ఆన్ అయ్యేటప్పుడు కెర్నల్ చదివే సెట్టింగుల వరస) ఐసోల్‌సీపీయూస్ కింద డొమైన్, మేనేజ్డ్ ఐఆర్‌క్యూ ఫ్లాగులు పెట్టి 2,3,6,7 రాసి ఉంది. నోహెర్ట్జ్‌ఫుల్‌కూ అవే అంకెలు.

డొమైన్ ఫ్లాగు పెడితే షెడ్యూలర్ (ఏ థ్రెడ్ ఎక్కడ నడవాలో తేల్చే కెర్నల్ భాగం) తన లోడ్ బ్యాలెన్సింగ్ నుంచి ఆ సీపీయూలను తీసేస్తుంది. అక్కడికి మనం పేరుపెట్టి పంపిన థ్రెడ్డే వెళ్తుంది. మేనేజ్డ్ ఐఆర్‌క్యూ ఫ్లాగు డిస్కు లాంటి పరికరాల ఇంటరప్టులను (చేస్తున్న పని ఆపి చూడమనే పిలుపులను) వీలైనంత దూరంగా ఉంచుతుంది. నోహెర్ట్జ్‌ఫుల్ పని వేరు. ఆ సీపీయూ మీద నడవాల్సిన థ్రెడ్ ఒక్కటే ఉన్నప్పుడు షెడ్యూలర్ టిక్కును ఆపేస్తుంది. మా కెర్నల్లో టిక్కు సెకనుకు 1000 సార్లు. తాలు ఏరుతున్న మనిషిని క్షణానికోసారి భుజం తట్టి "ఏరుతున్నవా?" అని అడిగినట్టుంటుంది ఆ టిక్కు. 2013లో 3.10 కెర్నల్‌తో ఈ సదుపాయం వచ్చింది. మొదట్లో సెకనుకు ఒక టిక్కు మిగిలిపోయేది, 4.17 నుంచి దాన్ని కూడా వేరే సీపీయూల మీదికి తోసేశారు.

మా తమ్ముడు నాతోపాటే పనిచేస్తాడు. బూట్ లైను చూసి, "అన్నా, అన్నీ ఉన్నయ్ గదా, ఇంక తనిఖీ ఏముంటది?" అన్నాడు.

ఉంటుంది. లైనులో రాసినదాన్ని కెర్నల్ ఒప్పుకుందా అన్నది మొదటి ప్రశ్న. ఒప్పుకుంటే, యంత్రం నిండా సరుకు పోస్తున్నప్పుడు కూడా అది నిలబడుతోందా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు సిస్ ఫైల్ సిస్టమ్‌లో దొరుకుతుంది. డివైసెస్, సిస్టమ్, సీపీయూ ఫోల్డర్లో ఐసోలేటెడ్ అనే ఫైలు, నోహెర్ట్జ్‌ఫుల్ అనే ఫైలు ఉంటాయి. కెర్నల్ చివరికి ఏం ఒప్పుకుందో వాటిలో కనబడుతుంది. రెండోదానికి మాత్రం కొలవాల్సిందే. ఈ రెండూ చేసే తనిఖీ స్క్రిప్టు ఒకటి రాయాలని ఈరోజు నిర్ణయించాం. యంత్రం ఆన్ చేసిన ప్రతిసారీ అది నడవాలి.

బుధవారం

తనిఖీ స్క్రిప్టును నమ్మాలంటే ముందు దానికి తప్పుడు సెట్టింగులు తినిపించి పట్టుకుంటుందో లేదో చూడాలి. అసలు యంత్రాన్ని పదేపదే రీబూట్ చెయ్యకుండా క్యూఎములో 8 సీపీయూల వర్చువల్ మిషన్ పెట్టుకుని, ఒక్కోసారి ఒక్కో తప్పు బూట్ లైను ఇచ్చాం. చేసిన పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన రోజు ఇది.

ముందుగా మేనేజ్డ్ ఐఆర్‌క్యూ ఫ్లాగులో మధ్యనుండే అండర్‌స్కోర్ బదులు హైఫన్ పెట్టాం. తొందరలో ఎవరైనా కొట్టే అక్షరమే. ఫ్లాగు పేరులో అక్షరాలూ అండర్‌స్కోరూ తప్ప ఇంకేదైనా కనబడితే, ఆ ఫ్లాగు చెల్లదని లాగులో (కెర్నల్ తన సంగతులు రాసుకునే చోట) ఒక్క ముక్క రాసి మొత్తం ఐసోల్‌సీపీయూస్ పరామితినే పక్కన పడేస్తుంది కెర్నల్. ఐసోలేటెడ్ ఫైలు ఖాళీ. సిస్టమ్ మాత్రం ఏమీ జరగనట్టే బూట్ అయిపోయింది.

తర్వాత డొమైన్ అన్న పదంలో రెండక్షరాలు తారుమారు చేశాం. ఇది ఇంకా ప్రమాదకరం. తెలియని ఫ్లాగును వదిలేశానని లాగులో చెప్పి, పక్కనున్న మేనేజ్డ్ ఐఆర్‌క్యూను మాత్రం అమలు చేసింది. అంటే సగం సెట్టింగు పనిచేస్తోంది. డిస్కు ఇంటరప్టులు తగ్గడం చూసి అంతా బాగుందనుకుంటాం, కానీ షెడ్యూలర్ ఆ సీపీయూలను మామూలుగానే వాడుకుంటూ ఉంటుంది. బూట్ లైనులో ఐసోల్‌సీపీయూస్ అన్న పదం ఉందా లేదా అని మాత్రమే చూసే స్క్రిప్టు దీన్ని ఎన్నటికీ పట్టుకోలేదు.

ఐసోల్‌సీపీయూస్‌కు నోహెర్ట్జ్ ఫ్లాగు కూడా పెట్టి, దానికి ఒక సెట్టు, నోహెర్ట్జ్‌ఫుల్‌కు ఇంకో సెట్టు ఇచ్చాం. రెండూ ఒకటే ఉండాలని హెచ్చరించి, తర్వాత చదివినదాన్ని వదిలేసింది. ఎనిమిది సీపీయూలనూ వేరు చెయ్యమని అడిగితే, ఇంటిపనికి (కెర్నల్ సొంత పనులకు) కనీసం ఒకటి ఉండాలని చెప్పి బూట్ అయిన సీపీయూ 0ను తనంతట తానే వెనక్కి తీసుకుంది. నోహెర్ట్జ్‌ఫుల్ లేకుండా బిల్డ్ చేసిన కెర్నల్‌కు ఆ పరామితి ఇస్తే, నాకు ఆ సదుపాయం లేదు, ఆన్ చేసి బిల్డ్ చెయ్యమంది.

వీటన్నిటిలోనూ ఒకటే తీరు. కెర్నల్ చెప్పాల్సిన మాట లాగులో చెప్తుంది, బూట్‌ను మాత్రం ఆపదు. అది కెర్నల్ వైపు నుంచి సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. ఒక పరామితి చెల్లలేదని సర్వర్ మొత్తం లేవకుండా పోతే ఎవరికీ మంచిది కాదు. కానీ గాలి నాజిల్ నడిపే యంత్రానికి అది చాలదు. ఆపే బాధ్యత మనం తీసుకోవాలి. అందుకని స్క్రిప్టు ఇప్పుడు బూట్ లైనులో అడిగిన సెట్టునూ, సిస్‌లో కనబడే సెట్టునూ అంకెకు అంకె పోల్చి చూస్తుంది. హౌస్‌కీపింగ్ అనే మాటతోనో, ఐసోల్‌సీపీయూస్ అనే మాటతోనో మొదలయ్యే లాగు వరస ఒక్కటి కనబడినా ఫెయిల్ అంటుంది.

జంటల తనిఖీ కూడా ఈరోజే చేర్చాం. మా పీసీలో 0కు 4, 1కి 5, 2కు 6, 3కు 7 జంట. టోపాలజీ ఫోల్డర్లో థ్రెడ్ సిబ్లింగ్స్ లిస్ట్ అనే ఫైలు ఈ సంగతి చెప్తుంది. ఎవరైనా "చివరి నాలుగూ" అనుకుని 4 నుంచి 7 దాకా వేరు చేస్తే, ప్రతి కోరులోనూ సగం వేరై సగం సంతలో మిగులుతుంది. కోరు లోపలి ఎల్1 క్యాషూ, లెక్కలు చేసే యూనిట్లూ జంట ఇద్దరికీ ఉమ్మడి. మా లైనులో జంటలు సరిగ్గానే ఉన్నాయి. వేరే ప్రాసెసర్లలో 0, 1 జంటగా ఉండొచ్చు కాబట్టి అంకెలు గుర్తుపెట్టుకోవడం కన్నా ఫైలు చదవడమే మేలు.

గురువారం

రెండో ప్రశ్న. లోడు మీద ఏం జరుగుతోంది?

మిల్లు నుంచి తెచ్చిన కాయలనే వర్క్‌షాపులో బెల్టు మీద తిప్పి తిప్పి పోశాం. ప్రాక్‌లోని ఇంటరప్ట్స్ ఫైలును (ఏ సీపీయూకు ఎన్ని ఇంటరప్టులు వచ్చాయో చెప్పేది) సెకనుకోసారి చదివి, ముందు సెకనుతో తేడా తీసి తెర మీద వేశాం. ప్రతి సీపీయూకూ ఒక నిలువు వరస. ఎల్ఓసీ అని ఉండే అడ్డ వరసలో ఆ సీపీయూ సొంత టైమర్ ఇంటరప్టులు ఉంటాయి. ఆ ఒక్క వరసను తీరిగ్గా చదివితే సగం కథ బయటపడుతుంది.

సీపీయూ 3 దగ్గర సెకనుకు 4000. మా తమ్ముడు వెంటనే, "అన్నా, టిక్కు ఆగుడు కాదు, నాలుగింతలైంది గదా!" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. నాజిల్ థ్రెడ్ 250 మైక్రోసెకన్లకోసారి లేచి, ఊదాల్సిందేమైనా ఉందా అని చూసి మళ్లీ పడుకుంటుంది. ఆ లేపేది కూడా లోకల్ టైమరే. సెకనుకు 4000 సార్లు లేవమని మనమే అడిగాం, 4000 వచ్చాయి. అది షెడ్యూలర్ టిక్కు కాదు. తేడా తెలియాలంటే టైమర్ ట్రేస్ ఆన్ చేసి ఏ ఫంక్షన్ నడిచిందో చూడాలి. చూశాం, అన్నీ నాజిల్ థ్రెడ్‌ను లేపడానికి వచ్చినవే.

ఇక్కడ ఇంకో సంగతి తేలింది. ఇలా మాటిమాటికీ పడుకుని లేచే థ్రెడ్‌కు నోహెర్ట్జ్‌ఫుల్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. పైగా కెర్నల్లోకి వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఆ మోడ్ కొంచెం అదనపు లెక్క రాసుకుంటుంది. ఆగకుండా లెక్కలు చేసే థ్రెడ్‌కు అది వరం, లేచి పడుకునే థ్రెడ్‌కు ఖర్చు. అందుకని 3, 7లను నోహెర్ట్జ్‌ఫుల్ నుంచి తీసేసి, ఆర్‌సీయూ కాల్‌బ్యాకులు (కెర్నల్ తర్వాత చేద్దామని వాయిదా వేసే పనులు) మాత్రం ఆ రెండింటి మీద నడవకుండా నోసీబీఎస్ జాబితాలో పెట్టాం. నోహెర్ట్జ్‌ఫుల్‌లో ఉన్న వాటికి అది ఎలాగూ తనంతట తానే వర్తిస్తుంది.

ఇక సీపీయూ 2, 6. అసలు దొంగ ఇక్కడే దొరికాడు. కాయలు పల్చగా పోతున్నప్పుడు రెండు వరసలూ నిమ్మళంగా ఉన్నాయి. బస్తా కుమ్మరించగానే సీపీయూ 2 దగ్గర ఎల్ఓసీ అంకె సెకనుకు 1000కి ఎక్కి కూర్చుంది. సీపీయూ 6 దగ్గర దాదాపు ఏమీ లేదు. నోహెర్ట్జ్‌ఫుల్‌లో ఉన్న సీపీయూ మీద టిక్కు మళ్లీ మొదలైందంటే దానికున్న మామూలు కారణం ఒక్కటే, ఒకటికి మించి థ్రెడ్లు వరసలో నిలబడ్డాయి. పక్క సీపీయూ ఖాళీ. అంటే గుర్తుపట్టే థ్రెడ్లు రెండూ 2 మీదే కొట్టుకుంటున్నాయి.

ఎందుకలా? సర్వీసు ఫైల్లో మొత్తం ప్రోగ్రాముకు 2,6 అని అఫినిటీ రాసి ఉంది. ప్రోగ్రాము 2 మీద మొదలైంది. దాని లోపల పుట్టిన థ్రెడ్లు తల్లి ఉన్న సీపీయూ మీదే పుట్టాయి. మామూలు సీపీయూల మీదైతే లోడ్ బ్యాలెన్సర్ కాసేపట్లో ఒకదాన్ని పక్కకు జరిపేది. డొమైన్ ఫ్లాగుతో ఆ బ్యాలెన్సర్‌నే తీసేశాం కదా, ఇక జరిపేవారు లేరు. 2,6 అన్న అఫినిటీకి అర్థం "ఈ రెండింటిలో ఎక్కడైనా ఉండొచ్చు" అని. "చెరొకటి తీసుకోండి" అని దానికి అర్థం లేదు.

దాంతో పెద్దమ్మ చెప్పిన ప్రతి ముక్కా అతికింది. సరుకు పల్చగా ఉన్నప్పుడు ఒక్క సీపీయూ రెండు థ్రెడ్ల పనినీ లాగేస్తోంది. చిక్కగా పడ్డప్పుడు చిత్రాలు వరస కట్టి, తాలు అన్న తీర్పు ఆలస్యంగా వస్తోంది. నాజిల్ థ్రెడ్ లేవడం టైముకే లేస్తోంది, చేతికి తీర్పు అందేసరికి కాయ దాటిపోయి వెనక కాయ వచ్చి నిలబడుతోంది.

శుక్రవారం

ప్రోగ్రాము లోపలే ఒక థ్రెడ్‌ను 2కు, రెండోదాన్ని 6కు విడివిడిగా కట్టేశాం. 1000 దిగిపోయింది. స్క్రిప్టుకు కొత్త నియమం: వేరు చేసిన సీపీయూ మీద నడిచే మన థ్రెడ్ ప్రతిదానికీ అనుమతించిన సీపీయూల జాబితాలో ఒకే అంకె ఉండాలి. ప్రాక్‌లో ఆ థ్రెడ్ స్టేటస్ ఫైలు చదివితే చాలు.

డిస్కు ఇంటరప్టులు కొన్ని ఇంకా సీపీయూ 2 మీదికి వస్తున్నాయి. మేనేజ్డ్ ఐఆర్‌క్యూ ఫ్లాగు ఉన్నా ఎందుకొస్తున్నాయని మా తమ్ముడు తల పట్టుకున్నాడు. ఆ ఫ్లాగు చేతనైనంత మేరకే పనిచేస్తుందని కెర్నల్ పత్రాల్లోనే రాసి ఉంది. ఎన్‌వీఎంఈ డిస్కు ఒక్కో సీపీయూకు ఒక్కో క్యూ పెట్టుకుంటుంది. ఒక క్యూ పరిధిలో వేరు చేసిన సీపీయూ ఒక్కటే ఉంటే, దాని ఇంటరప్టును ఎటు తిప్పడానికీ దారి ఉండదు. అయితే ఆ సీపీయూ మీది థ్రెడ్ తానుగా డిస్కు పని అడిగితేనే అది వస్తుంది. మా థ్రెడ్ అడుగుతోంది. తీసేసిన ప్రతి కాయ బొమ్మనూ డిస్కులో రాసి, అది నిజంగా చేరేదాకా ఆగేలా వెంటనే ఎఫ్‌సింక్ కొడుతోంది. బొమ్మలు రాసే పనిని సీపీయూ 4 మీద ఒక థ్రెడ్‌కు అప్పజెప్పాం. ఇంటరప్టులు ఆగిపోయాయి.

మిగతా ఇంటరప్టులకు ఎస్‌ఎంపీ అఫినిటీ ఫైలు చూడటం చాలదు, అది మనం ఇచ్చిన అనుమతి మాత్రమే. నిజంగా ఎటు వెళ్తోందో ఎఫెక్టివ్ అఫినిటీ ఫైలు చెప్తుంది. స్క్రిప్టు రెండోదాన్నే చదువుతుంది.

ఆదివారం

వర్క్‌షాపుకు సెలవు, కరెంటు కూడా నిలకడగా ఉంది. ఐసోల్‌సీపీయూస్‌ను వదిలి, సీపీయూలను గుంపులుగా పంచే సీపీయూసెట్‌కు మారాలా అన్న ప్రశ్న తీసుకున్నాం. కెర్నల్ పత్రాలు ఐసోల్‌సీపీయూస్ పాతబడిందనీ, సీపీయూసెట్ వాడమనీ చెప్తాయి. నిజమే, సీపీయూసెట్‌తో రీబూట్ లేకుండా మార్చుకోవచ్చు. సీజన్ మధ్యలో మిల్లు ఆపకుండా సర్దుబాటు చేసుకోవాలంటే అదే దారి. నోహెర్ట్జ్‌ఫుల్ మాత్రం మా కెర్నల్లో ఇంకా బూట్ లైనులోనే ఉండాలి.

సీపీయూసెట్‌లో పార్టిషన్ అనే ఫైల్లో ఐసోలేటెడ్ అని రాస్తే ఆ గుంపు వేరవుతుంది. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది, రాయడం సఫలమైనట్టే కనబడుతుంది, ఎర్రర్ రాదు. తిరిగి చదివితేనే అసలు సంగతి తెలుస్తుంది. సాధ్యం కాకపోతే ఐసోలేటెడ్ పక్కన ఇన్‌వాలిడ్ అనీ, దాని పక్కన కారణమూ ఉంటాయి. రాసి తిరిగి చదవని స్క్రిప్టు దేనికీ పనికిరాదు.

ఇంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటి ఉంది, క్యూఎములో కావాలనే పెట్టి చూశాం. బూట్ లైనులో నోహెర్ట్జ్‌ఫుల్ 2,3,6,7. తర్వాత సీపీయూసెట్‌తో 0,1,4,5ను వేరు చెయ్యమన్నాం. విడివిడిగా చూస్తే రెండూ న్యాయమైన కోరికలే. బూట్ లైను ఒకరు రాస్తారు, సర్వీసు ఫైలు ఇంకొకరు రాస్తారు, ఇలా కలవడానికి పెద్ద దురదృష్టమేమీ అక్కర్లేదు. మా 6.12 మాట్లాడకుండా ఒప్పుకుంది. తిరిగి చదివితే ఐసోలేటెడ్ అనే ఉంది, ఇన్‌వాలిడ్ లేదు.

ఫలితం చూడండి. మామూలు ప్రోగ్రాములన్నీ 2,3,6,7 మీదికి చేరాయి. అవి కిక్కిరిసి ఉండటం వల్ల అక్కడ టిక్కు ఆగే ప్రశ్నే లేదు. టైమర్ల నిర్వహణ, ఆర్‌సీయూ థ్రెడ్ల వంటి కెర్నల్ ఇంటిపనులేమో నోహెర్ట్జ్‌ఫుల్‌లో లేని 0,1,4,5 మీద పడ్డాయి. అంటే వేరు చేశామనుకున్న వాటి మీదే ఇంటిపని, టిక్కు ఆపుతామన్న వాటి మీదే సంత. ఒక్క సీపీయూ కూడా రెండు లెక్కల్లోనూ ఇంటిపనికి మిగల్లేదు.

కెర్నల్ ఒక్కో రకం వేర్పాటుకూ కనీసం ఒక సీపీయూ మిగిలిందా అని చూస్తోంది. మా 6.12లో రెండింటినీ కలిపి చూడటం లేదు. అలా కలిపి చూడాల్సింది కెర్నలేనని నేను గట్టిగా అనుకుంటాను. ఎందుకంటే సీపీయూసెట్ ఎప్పుడైనా మారుతుంది, మన స్క్రిప్టు ఆ క్షణంలో నడుస్తూ ఉండకపోవచ్చు. అయినా మన వంతు మనం చేశాం. ఆన్‌లైన్‌లో ఉన్న సీపీయూల్లోంచి నోహెర్ట్జ్‌ఫుల్ సెట్టు తీసెయ్, మిగిలినదాంట్లోంచి బూట్‌లో వేరు చేసినవీ సీపీయూసెట్ వేరు చేసినవీ తీసెయ్. ఖాళీ అయితే ఫెయిల్. స్క్రిప్టులో ఇది చిన్న ముక్క, కానీ అన్నిటికన్నా పైన నడుస్తుంది.

ఐసోల్‌సీపీయూస్ విషయంలో నిర్ణయం: ఈ సీజనుకు అదే ఉంచుతున్నాం. యంత్రంలో పనుల పంపకం మారేది లేనప్పుడు బూట్ నుంచే స్థిరంగా ఉండటం నాకు ఎక్కువ ధైర్యంగా ఉంది.

మంగళవారం

ఇప్పటిదాకా చూసింది కెర్నల్ కంటికి కనబడే అంతరాయాలు. కనబడనివీ ఉంటాయి. ఆర్‌టీఎల్‌ఏ పరికరంలోని ఓఎస్‌నాయిస్‌ను సీపీయూ 2 మీద నడిపాం. అది ఆ సీపీయూ మీద ఆగకుండా గడియారం చదువుతూ, మధ్యలో ఎంత సమయం పోయిందో, దాన్ని ఎన్‌ఎంఐ (ఎవరూ ఆపలేని ఇంటరప్టు) మింగిందా, మామూలు ఇంటరప్టు మింగిందా, ఇంటరప్టు తర్వాతికి వాయిదా వేసిన పనైన సాఫ్ట్ ఐఆర్‌క్యూనా, వేరే థ్రెడ్డా అని విడదీసి చెప్తుంది. ఎవరి ఖాతాలోనూ పడని సమయాన్ని హార్డ్‌వేర్ ఖాతాలో వేస్తుంది. దీన్ని రాసిన డేనియల్ బ్రిస్టాట్ డి ఒలివేరా 2024లో కన్నుమూశారు. హనుమకొండలో ఒక రేకుల షెడ్డులో మిర్చి యంత్రం పక్కన కూర్చుని ఆయన రాసిన పట్టిక చదువుతుంటే ఆయనకు ఒక నమస్కారం పెట్టుకోవాలనిపించింది.

ఇంటరప్టు, థ్రెడ్ గడులు శుభ్రంగా ఉన్నాయి. హార్డ్‌వేర్ గడిలో మాత్రం అప్పుడప్పుడు వందల మైక్రోసెకన్ల అంకె. దీని మామూలు కారణం ఎస్‌ఎంఐ. మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ తన సొంత పనికి ప్రాసెసర్‌ను లాక్కుంటుంది, కెర్నల్‌కు చెప్పదు. ఏ బూట్ పరామితీ దాన్ని ఆపలేదు. టర్బోస్టాట్‌లో ఎస్‌ఎంఐ లెక్క వేసే నిలువు వరస ఉంటుంది, ఆ అంకె సరిగ్గా ఈ అంతరాయాలతోపాటే పెరుగుతోంది. బయాస్‌లోకి వెళ్లి పాతకాలపు యూఎస్‌బీ ఎమ్యులేషన్ ఆపేశాం. అంకె పెరగడం ఆగింది. స్క్రిప్టు ఇప్పుడు మొదట్లో ఒకసారి, నిమిషం తర్వాత ఒకసారి ఆ లెక్క చదివి తేడా ఉంటే ఎర్ర జెండా ఎత్తుతుంది.

మాకున్న గడువు నిజానికి అంత కఠినమైనది కాదు. అర మిల్లీమీటరు తేడా వరకు నాజిల్ తట్టుకుంటుంది, అంటే 250 మైక్రోసెకన్లు. ఇప్పుడు, థ్రెడ్ ఎంత ఆలస్యంగా లేస్తోందో కొలిచే సైక్లిక్‌టెస్ట్ రాత్రంతా నడిపినా, పక్కన కాయల చిత్రాలు తిరుగుతున్నా, సీపీయూ 3 మీద అత్యధిక ఆలస్యం దానికి చాలా కిందే ఉంటోంది.

మిల్లులో, తర్వాతి శనివారం

మళ్లీ అదే మిల్లు. బస్తా మీద బస్తా కుమ్మరించారు. తొట్టిలో పడ్డ కాయలను పెద్దమ్మ దోసిట్లోకి తీసుకుని ఒక్కొక్కటే తిప్పి చూసింది. తాలు పక్కకు పెట్టింది, మంచివి ఇంకో పక్కకు. మంచి కుప్ప చాలా చిన్నది. వాటిలో కొన్ని తొడిమ దగ్గర తెల్లబడ్డవి, వాటిని చూపించి, "గివి అనుమానపు కాయలే బిడ్డా, నేనైనా తీసేద్దును" అంది. మిగిలిన నాలుగైదు నిజంగా మంచి కాయలే. అవి తాలు కాయకు ఆనుకుని పోయినవి. అది ఇక కెర్నల్ పని కాదు, కాయలను విడదీసి పరిచే వైబ్రేటర్ ట్రే పని. దాన్ని వేరుగా చూస్తాం.

తనిఖీ స్క్రిప్టును బెల్టు మోటారు రిలేకు కట్టేశాం. ఫెయిలైతే బెల్టు కదలదు, తెర మీద ఏ నియమం తప్పిందో తెలుగులో కనబడుతుంది. మిల్లు గుమస్తా దాన్ని ఫోటో తీసి మాకు పంపితే చాలు. 6.12లో కొత్త సవరణ వెర్షన్ వచ్చినప్పుడల్లా, యంత్రంలో పెట్టకముందే, క్యూఎములో ఆ తప్పుడు బూట్ లైన్లన్నీ మళ్లీ తినిపిస్తాం. లాగులో మాట తీరు మారితే స్క్రిప్టు గుడ్డిదవుతుంది కాబట్టి అది తప్పదు.

వచ్చే వారం నుంచి రెండో యంత్రం, ఆర్మ్ బోర్డు మీద. అక్కడ ఎస్‌ఎంఐ ఉండదు, జంట థ్రెడ్లూ లేవు. కానీ ఫర్మ్‌వేర్ తన పనికి కోరును లాక్కునే అవకాశం అక్కడా ఉంది, టర్బోస్టాట్ లాంటి లెక్క లేదు. కాబట్టి ముందుగా ఓఎస్‌నాయిస్ హార్డ్‌వేర్ గడినే రాత్రంతా నడిపి చూడాలి.